ఛాంపియన్ లేని ఏడాది

ప్రియమైన అక్కయ్యకు,

శుభవార్త ముందు, కుశలప్రశ్నలు తర్వాత. కమిటీ ఒప్పుకుంది!

జాతీయ చదరంగ పోటీల చరిత్ర రాయమని సమాఖ్యవాళ్ళు నా నెత్తిన పెట్టినప్పుడే చెప్పాను కదా, ఆ వరద ఏడాది సంగతి తేల్చందే వదలనని. ఛాంపియన్ల పట్టికలో ఆ ఏడాదికి ఎదురుగా ఇప్పటిదాకా ఒక అడ్డగీతే ఉంది. పోటీలు రద్దయ్యాయని రాసి చేతులు దులుపుకున్నారు. హాలు మునిగినా, రైళ్ళు ఆగినా, అప్పటికే ఊరు చేరుకున్న డజనుమంది ఒక బట్టల గోదాం మేడ మీద, మూటల మధ్య బోర్డులు పెట్టుకుని పోటీ మొత్తం ఆడేశారని గొంతు చించుకుని వాదించాను. "ఆడినవాళ్ళకు లేని అనుమానం మీకెందుకండీ?" అన్నాను. చివరికి దిగొచ్చారు. అప్పట్లో రిఫరీగా ఉన్న పెద్దాయన ఒక్క మాట చెబితే చాలట. అడ్డగీత పోయి మన తూనీగ పేరు పడుతుంది.

తూనీగ! బోర్డు ముందు కుదురుగా కూర్చోలేడని నీ తమ్ముడికి ఆ పేరు పెట్టింది నేనే. ఆ ఏడాది నాకు కామెర్లు రాకపోతే వాడి పక్కనే ఉండేవాణ్ణి. తిరుగు ప్రయాణంలో, వరదలో కొట్టుకుపోయిన ఆ బస్సులోనూ ఉండేవాణ్ణేమో.

పుస్తకం మాత్రం సరదాగా సాగుతోంది. మొట్టమొదటి పోటీ ఒక హోటల్ భోజనాల గదిలో జరిగిందట. మధ్యాహ్నం బల్లలు ఖాళీ చేయమంటే, ఏ పావు ఎక్కడుందో రాసుకుని, భోజనాలయ్యాక మళ్ళీ పేర్చుకున్నారు. ఇంకో ఏడాది ఒకాయన పంటినొప్పితో దవడకు గుడ్డ కట్టుకుని గెలిచాడు. బహుమతి ఇచ్చేటప్పుడు నోరు తెరవలేక చేతులు ఊపాడట.

తూనీగ మంచి ఫొటో ఒకటి పంపు. అమ్మకు నా నమస్కారాలు.

నీ తమ్ముడిలాంటివాడు,
చరిత్రకారుడు (నవ్వకు)


ప్రియమైన చరిత్రకారుడికి,

నవ్వాను. తర్వాత ఏడ్చాను. ఆ తర్వాత కుట్టుమిషన్ ఆపేసి అమ్మకు చదివి వినిపించాను. బడులు తెరిచే రోజులు కదా, యూనిఫారాల గుడ్డ ఇంటినిండా గుట్టలుగా ఉంది. ఆ గుట్టల మధ్య కూర్చుని అమ్మ, "ఇప్పటికి తెలిసిందా వాళ్ళకి?" అంది. అంతే. అదేదో ఆలస్యంగా వచ్చిన టపా అన్నట్టు.

అమ్మకు ఇప్పుడు చూపు సరిగా ఆనడం లేదు. అయినా కొలతలివ్వడానికి ఎవరొచ్చినా, "మావాడు దేశానికే ఛాంపియన్" అని చెప్పకుండా పంపదు. ఆ ఒక్క మాటే ఆమెను ఇన్నేళ్ళు నిలబెట్టింది. వాడిని ఇంటికి తెచ్చిన రోజు నువ్వు మంచం మీద ఉన్నావు, చూడలేదు. వాడి వెంట వచ్చింది ఒక్కడే. ఒక్కో ఎత్తుకు అరగంట ఆలోచిస్తాడని మీరంతా తాపీ అని పిలిచే కళ్ళజోళ్ళ దుకాణం ఆయన. మోకాళ్ళదాకా బురద. అమ్మ ఆయన చొక్కా పట్టుకుని, "నా బిడ్డ గెలిచాడా?" అని అడిగింది. ఆయన, "గెలిచాడమ్మా. ఆఖరి ఆటలో నన్నే ఓడించాడు. ఈ ఏడాది ఛాంపియన్ మీవాడే" అన్నాడు. అప్పటిదాకా రాయిలా ఉన్న అమ్మ అప్పుడు ఏడ్చింది.

ఫొటో పంపుతున్నాను. అందులో కదిలాడు, చెయ్యి కాస్త చెదిరింది. కదలని ఫొటో వాడిది ఒక్కటీ లేదు.

నీ అక్క


ప్రియమైన తమ్ముడూ,

వానలు వచ్చి వెళ్ళిపోయాయి, నీ దగ్గరనుంచి ఉలుకూ పలుకూ లేదు. ఒంట్లో బాగానే ఉందా? అచ్చు ఆలస్యమైతే అయింది, ఆ మాటైనా రాయి. రోజూ టపా మనిషి సైకిలు గంట వినబడగానే అమ్మ, "పుస్తకం వచ్చిందేమో చూడు" అంటోంది. ఏదో ఒకటి చెప్పి సర్దుతున్నాను.

నీ అక్క


ప్రియమైన అక్కా,

ఒంట్లో బాగానే ఉంది. రాయడానికే చెయ్యి రాలేదు. ఎన్ని కాగితాలు చింపానో నాకే తెలియదు.

రిఫరీ గారిని కలిశాను. బాగా ముసలివాడయ్యాడు కానీ మతి పదిలంగా ఉంది. "ఆ గోదాం పోటీ గెలిచింది ఎవరండీ?" అని ఊరికే, మాటవరసకు అడిగాను. "తాపీ" అన్నాడు.

పొరబడ్డారనుకున్నాను. "తూనీగ కదండీ?" అన్నాను. "కాదు బాబూ. మిగతావాళ్ళు ముందురోజే దొరికిన బండి ఎక్కి వెళ్ళిపోయారు. ఆఖరి ఆటకు మేం ముగ్గురమే. కుర్రాడు బాగా ఆడాడు, ఓడిపోయాడు. పాపం, ఆ సాయంత్రమే కదా..." అన్నాడు.

నేరుగా తాపీ దుకాణానికి వెళ్ళాను. ఎవరివో కళ్ళద్దాలు తుడుస్తున్నాడు. నేను అడిగాక కూడా తుడవడం ఆపలేదు. "ఆ తల్లి అలా చొక్కా పట్టుకుంటే నువ్వయితే ఏం చెబుతావ్?" అన్నాడు. "నోటికొచ్చింది చెప్పాను. దాన్ని వెనక్కి తీసుకునే రోజు మళ్ళీ రాలేదు. వాడి పేరే వేసెయ్. నాకిప్పుడు దాంతో ఏం పని?"

అక్కా, ఆయన ఆ ముందూ తర్వాతా ఎన్నో ఏళ్ళు ఆడాడు. ఒక్క ఏడాదీ గెలవలేదు. "పట్టుదలకు మారుపేరు, అదృష్టం లేనివాడు" అని ఆయన గురించి ఈ చేత్తోనే పుస్తకంలో రాశాను. ఉన్న ఒక్క గెలుపూ మీ వాకిట్లో వదిలి వెళ్ళాడని నాకేం తెలుసు?

ఏం చేయమంటావో నువ్వే చెప్పు. నువ్వు ఏది చెబితే అది రాస్తాను.

నీ తమ్ముడు


తమ్ముడూ,

తూనీగ పేరే వెయ్యి. ఆయనే వద్దంటున్నప్పుడు మధ్యలో నీకేం నొప్పి? అమ్మకు ఇంకెన్నాళ్ళుందని? ఈ విషయం మళ్ళీ రాయకు.

అక్క


ప్రియమైన తమ్ముడికి,

పోయిన ఉత్తరం కోపంలో రాశాను. అది చింపేసి ఇది చదువు.

నువ్వు చెప్పావో, ఆయనకే తోచిందో, తాపీ గారు మా ఇంటికి వచ్చారు. అమ్మ లోపల పడుకుని ఉంది. "మీ తమ్ముడి పేరే ఉంచమనండి. మీ స్నేహితుడు మరీ చాదస్తంగా ఉన్నాడు" అన్నారు గొంతు తగ్గించి. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. "ఎందుకు చెప్పారండీ అలా? ఇన్నేళ్ళు మమ్మల్ని గొప్పవాళ్ళను చేసి, ఇప్పుడు..." అని అరిచాను. మిషన్ ఆగి ఉందన్న ధ్యాస లేదు. ప్రతి మాటా లోపలికి వినబడింది.

అమ్మ గోడ పట్టుకుని వచ్చింది. "ఎవరది? ఆ అబ్బాయేనా?" అంది. ఆయనకు నెత్తంతా నెరిసిపోయింది, అమ్మకు ఇంకా ఆ అబ్బాయే. ఆయన లేచి నిలబడ్డారు.

"ఓడిపోయాడా?"

ఆయన నావైపు చూశారు. నేను తల దించుకున్నాను. "ఓడిపోయాడమ్మా."

"ఎలా?"

ఆయన చెప్పారు. వాడిదే పైచేయిగా ఉందట. తొందరపడి ఏనుగును చంపాడట, ఆ ఊపులో ఆయన బంటు ఒకదాన్ని మరిచిపోయాడట. ఆ బంటు నడుచుకుంటూ వెళ్ళి మంత్రి అయి కూర్చుందట. అమ్మకు ఆట తెలియదు. అయినా ప్రతి మాటకూ తల ఊపుతూ వింది.

"తర్వాత ఏం చేశాడు?"

"ఏమీ తినలేదమ్మా. సంచీ సర్దుకున్నాడు. వాన తగ్గలేదు, పొద్దున వెళ్దువుగాని అన్నాను. 'అమ్మకు గెలిచి వస్తానని చెప్పి వచ్చానన్నా, ఇప్పుడేం చెప్పను?' అన్నాడు. ఆ మాటే అంటూ బస్సెక్కాడు. రెక్క పట్టుకుని ఆపాల్సింది. ఆపలేదు."

ఆయన ఏడ్చారు. అమ్మ తడుముకుంటూ వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. "ఈ సంగతి ఒక్కడివే మోశావా ఇన్నేళ్ళూ?" అంది. "నీ పేరే రాయించుకో నాయనా. మావాడు ఇంకొకరిది ఉంచుకునేవాడు కాదు." ఆయన కాదనలేకపోయారు. కాబట్టి ఆ ఏడాదికి ఎదురుగా ఆయన పేరు వెయ్యి. రెండో స్థానమంటూ పుస్తకంలో ఉంటే అక్కడ మావాడి పేరు వెయ్యి. లేకపోతే వద్దు.

ఆయన వెళ్ళాక అమ్మ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. నేను పక్కన కూర్చున్నాను. అప్పుడు అంది: "గెలిచిన కొడుకు కోసమే ఏడ్చానే ఇన్నేళ్ళూ. నవ్వుకుంటూ బస్సెక్కి ఉంటాడని, ఆ నవ్వుతోనే పోయి ఉంటాడని అనుకున్నాను. ఓడిపోయి, నాకేం చెప్పాలో తెలియక, తడిసిన బట్టలతో ఆకలితో కిటికీ పక్కన కూర్చున్నవాడి కోసం ఒక్కరం కూడా ఏడవలేదు కదే."

అప్పటినుంచి వాడి కోసం మళ్ళీ మొదటినుంచి ఏడుస్తోంది. అన్నం తింటూ చెయ్యి ఆపేస్తుంది. నన్ను పిలిచి ఒకటే అడుగుతుంది:

"ఓడిపోయి వస్తే నేనేమైనా అనేదాన్నా?"

అనేదానివి కాదమ్మా అంటాను. "మరి వాడికెందుకు తెలియలేదు?" అంటుంది.

నీ దగ్గర జవాబు ఏదైనా ఉంటే రాయి తమ్ముడూ.

నీ అక్క