మేకుకు వేలాడిన మూడో తాళంచెవి

లోర్నా,

ఈ కవరు విప్పకుండా పారేయకు. ఇందులో రబ్బరు పాము లేదు. పోయిన నెల నీ మాజీ మొగుడు డ్వైట్ గొంతుతో నీకు ఫోన్ చేసి బెదరగొట్టిన దగ్గర్నుంచి నువ్వు నా ఫోను ఎత్తడం లేదు. అందుకే దీన్ని నువ్వు పనిచేసే ఆసుపత్రి వంటగదిలో ఇచ్చి వెళ్తున్నాను.

నువ్వు ఇల్లు కొన్న రోజు మూడు తలుపుల తాళాలూ విప్పి, ఒకే తాళంచెవితో తెరుచుకునేలా లోపలి పిన్నులు మార్చాను. "ఎన్ని చెవులు చేశావన్నయ్యా?" అని రెండుసార్లు అడిగావు. "రెండేనే పిరికిదానా, రెండూ నీ చేతిలోనే ఉన్నాయిగా" అన్నాను. మూడు చేశాను. ఎప్పుడైనా నీ స్నానపు తొట్టిలో ఆ రబ్బరు పామును పెడదామని నా సరదా. ఆ చెవికి నీ ఇంటి చిరునామా చీటీ కట్టి, మా షెడ్డులో మేకుకు తగిలించాను.

నిన్న డ్వైట్ తన డ్రిల్లు తీసుకుపోతానని వచ్చాడు.

"బావా, నా పెళ్ళాం ఎక్కడుంటోంది?"

"విడాకులయ్యాక పెళ్ళామేంట్రా? చంద్రమండలంలో ఉంటోంది, టికెట్టు కొనుక్కో" అన్నాను.

నవ్వుతూ షెడ్డులోకి వెళ్ళాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఈ పొద్దున చూస్తే మేకు ఖాళీగా ఉంది.

పోలీసు స్టేషనుకు వెళ్తే డెస్కు దగ్గరున్నాయన, "మళ్ళీ మొదలెట్టావా?" అన్నాడు. నా పాత ఉత్తుత్తి ఫిర్యాదులు ఆయన మర్చిపోలేదు.

కొత్త తాళాలు తీసుకుని మీ ఇంటికి వెళ్తున్నాను. నువ్వు మాత్రం ఇంటికి రాకు. నీతో పనిచేసేవాళ్ళు ఎవరింట్లోనైనా ఉండు. రేపు పొద్దున్న ఏడింటికి ఆసుపత్రికే కొత్త చెవులన్నీ తెచ్చి నీ చేతిలో పెడతాను.

నేను రాకపోతే, అది తమాషా అనుకోకు.

మీ అన్నయ్య