ఎడమకు లాగే వ్యాను

మంగళవారం, రాత్రి

నా స్కూలు వ్యాను నెల నుంచి ఎడమకు లాగుతోంది. మొన్న కరకట్ట మీద పిల్లలతో వెళ్తుంటే చక్రం కాలవ అంచు దాకా పోయింది. తప్పు బండిదే అనుకున్నాను. ఇవాళ బందరులో బాషా షెడ్డుకు తీసుకెళ్లి ముందు చక్రాల సస్పెన్షన్ సామాను మార్పించాను. అలైన్‌మెంట్ కూడా చేయించాను.

చివర్లో బాషా కంప్యూటర్ తగిలించి, స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడు దాని సెన్సార్‌కు సున్నా పెట్టాలన్నాడు.

"స్టీరింగ్ తిన్నగా పట్టుకో బాబాయ్."

పట్టుకున్నాను.

"ఎడమకుంది. కొంచెం కుడికి తిప్పు."

"తిన్నగానే ఉందిరా. నువ్వు పుట్టకముందు నుంచీ తోలుతున్నా. నీ కంప్యూటర్‌కే మెల్ల."

"పొద్దున్నే ఏమన్నా వేసొచ్చావేంటి బాబాయ్?" అని నవ్వాడు.

తిడదామనుకుంటూ కిందికి చూశాను. నా ఎడమ చెయ్యి స్టీరింగును కిందికి లాగేసి ఉంది. లాగుతున్నట్టు నాకు తెలియనే లేదు.

వాడు నవ్వు ఆపేశాడు. తనే పట్టుకుని సున్నా పెట్టాడు. రోడ్డెక్కాక వాడు చేతులు వదిలేసినా బండి తిన్నగా వెళ్లింది. ఆస్పత్రికి పోదామన్నాడు. నోర్ముయ్యమన్నాను. మా ఊరు నాగాయలంక దాకా వాడే తోలుతుంటే మాత్రం వద్దనలేకపోయాను.

అన్నం దగ్గర మా ఆవిడ, "ఆ చెయ్యి అలా వేలాడేశారేంటండీ?" అంది. తిమ్మిరన్నాను. భయంగా ఉంది. మొన్న చక్రం అంచుకు పోయినప్పుడు వెనకాల పిల్లలు పాటలు పాడుకుంటున్నారు.

ఇందాక వాళ్ల ఇళ్లకు ఫోన్ చేశాను. రేపు వ్యాను రాదని, బండి ఇంకా బాగవలేదని చెప్పాను.

బండి బాగానే ఉంది.