అన్నం కుక్కర్ విషయమై నా కుడిచేతి వీలునామా

మీరు దొంగలు. ఈ కాగితం ఎవరి చేతిలో ఉంటే వాళ్లనే అంటున్నాను. వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారేమో అని చూడక్కర్లేదు. వేడివేడి అన్నం మాత్రమే తిన్నామనుకున్నారు. అది ఉడుకుతున్నంతసేపూ పక్కన నిలబడ్డ మనిషిని కూడా తిన్నారు. మెతుకు మిగల్చలేదు.

ఇక పద్ధతి ప్రకారం. వయసు యాభై ఒకటి, ఈ ఇంటి కోడలిని, ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని, కార్మిక సంఘానికి కరపత్రాలు రాసిపెట్టేదాన్ని, ఇంట్లోవాళ్లు నా వెనకాల ‘ఉపన్యాసం’ అని పిలుచుకునేదాన్ని అయిన నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా, మంచి కోపంలో ఉండి, నా చేత్తో నేనే రాస్తున్న వీలునామా ఇది. కోపంలో రాసింది చెల్లదని బావగారు అంటారు. చల్లగా ఉన్నప్పుడు పదకొండేళ్లు చెప్పాను. అప్పుడూ చెల్లలేదు.

ఈ వీలునామా నా చావుతో అమల్లోకి రాదు. రేపు ఉదయం ఏడింటికి నా కుడి మణికట్టుకు ఆపరేషన్. మత్తు సూది పడిన క్షణం నుంచి, ఇరవై నాలుగేళ్లు ఈ ఇంట్లో రెండు పూటలా గంజి వార్చిన చెయ్యి కాలం చేసినట్టే లెక్క. మిగతా నేను బతికే ఉంటాను, అది మీరు పడాల్సిందే. దస్తావేజులు రాసే ఆయన దగ్గరికి వెళ్తే, “అమ్మా, మనిషి పోతేగానీ వీలునామా చెల్లదు” అన్నాడు. “అయితే అప్పటిదాకా అన్నం ఎవరు వార్చాలి?” అని అడిగాను. కళ్లజోడు తీసి తుడుచుకుని, సాక్షి సంతకం పెడతానన్నాడు.

ఒకటి. తగాదా పూర్వాపరాలు.

పదకొండేళ్ల కింద నేను అన్నం వండే కుక్కర్ కొందామన్నాను. మామూలుది, ఒక్క బటన్‌ది. బావగారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి, ఆయనకు ఏదీ చిన్నగా ఉండకూడదు. “కొంటే మేలైనదే కొనాలమ్మా. ఆరు బటన్లది, లోపల గిన్నె మందంగా ఉండేది. లేకపోతే ఆగాలి” అన్నారు. ఆ మాట ఎంత మర్యాదగా ఉందో చూడండి. ఒక్క బటన్‌ది చర్చకు పెడితే ఆ సాయంత్రమే తేలిపోయేది. మేలైనదాన్ని పెట్టారు కాబట్టి, అది అంత ఖరీదు చేస్తుందా లేదా అన్న ప్రశ్న మీద ఈ కుటుంబం పదకొండేళ్లు కూర్చుంది. కూర్చున్నది మీరు. ఆ పదకొండేళ్లూ నేను నిలబడే ఉన్నాను.

ఎక్కడ నిలబడ్డానో కూడా రాస్తున్నాను. స్టవ్వు ముందు, కిటికీ నుంచి మూడో బండ మీద. పొంగకుండా, మాడకుండా, మెతుకు పట్టి చూస్తూ, పూటకు పద్నాలుగు నిమిషాలు. ఆ తర్వాత అత్తగారి కాలంలో పన్నెండు మంది తిన్న ఆ మందపాటి గిన్నెను ఎత్తి వార్చాలి. తినేది ఇప్పుడు అయిదుగురమే, కానీ ఆ గిన్నెలో వండితేనే అన్నానికి ‘ఆత్మ’ ఉంటుందని బావగారి వాదన. ఉత్త గిన్నెను ఎత్తాలన్నా రెండు చేతులూ కావాలి. ఆత్మ బరువు నాకు తెలిసినంతగా ఏ వేదాంతికీ తెలియదు.

పోయిన ఏడాది షాపువాళ్లు ముప్పై రోజులు వాడి చూసి ఇష్టమైతేనే ఉంచుకోమన్నారు. ఆరు బటన్లది ఇంటికి వచ్చింది. బావగారు పరీక్ష పెట్టారు. నీలం అంచు గిన్నెలో పాత పద్ధతి అన్నం, తెల్ల గిన్నెలో కుక్కర్ అన్నం. మార్కుల కాగితంలో నాలుగు గడులు: మెతుకు, మెత్తదనం, వాసన, ఆత్మ. రెంటినీ పోల్చాలి కనుక రెండూ వండాలి. నా పని తగ్గించే యంత్రం వచ్చిన నెలలో నా పని రెట్టింపైందని ఈ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. నేనే చెప్పాను. “పరీక్ష అయ్యేదాకానే కదా” అన్నారు మా ఆయన.

రెండు. ఒప్పుకోలు.

మొదటి రెండు రోజులూ నిజాయితీగా రెండు రకాలూ వండాను. నీలం గిన్నెకు తొమ్మిది, తెల్ల గిన్నెకు నాలుగు. మూడో రోజు ఉదయం మణికట్టులో ఏదో కలుక్కుమంది, గిన్నె లేవలేదు. అంతటినీ కుక్కర్‌లోనే వండి, సగం నీలం అంచు దాంట్లో, సగం తెల్ల దాంట్లో పెట్టాను.

నీలానికి తొమ్మిది. తెలుపుకు నాలుగు.

ఆ రోజుతో కలిపి ఇరవై ఎనిమిది రోజులూ అంతే. ఒక రోజు బావగారు నీలం గిన్నె అన్నానికి ఆత్మ గడిలో పదికి పది వేసి కింద గీత గీశారు. మా ఆయన రిమార్కు రాశారు: “కుక్కర్ అన్నంలో ప్రేమ లేదు.” ఆ రోజు రెండు గిన్నెల్లోని ప్రేమా మూడో నంబరు బటన్‌తో తయారైంది. నేను పక్కన కూడా నిలబడలేదు.

అత్తగారు ఒక్కరే మూడో రోజు రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని, నావైపు ఒక్క చూపు చూసి, “రెండూ ఒకటే” అన్నారు. చివరి రోజుదాకా అదే మాట. పరీక్షకుడు ఏదో ఒక దాన్ని మేలనాలనీ, నాలుక పాతబడిందనీ చెప్పి బావగారు ఆవిడ మార్కుల్ని కొట్టేశారు. ఓడిపోయిన కుక్కర్ షాపుకు వెళ్లిపోయింది. నేను మూడో బండ మీదికి వచ్చేశాను.

ఇది మోసమే. క్షమాపణ చెప్పను. ఓట్లు వేసినవాళ్లు ముందు తమ నాలుకలకు చెప్పుకోవాలి.

మూడు. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే.

ఎముకల డాక్టరమ్మ నా చెయ్యి అటూ ఇటూ తిప్పి, “రోజూ ఏం ఎత్తుతారు?” అంది. “పెన్ను” అన్నాను. “పెన్ను ఇంత పని చెయ్యదమ్మా. నిజం చెప్పండి” అంది. చెప్పాను. పక్కనున్న మా ఆయన అడిగిన మొట్టమొదటి ప్రశ్న: “ఎన్నాళ్లు గిన్నె ఎత్తకూడదు?” నొప్పి తగ్గుతుందా అని కాదు, మళ్లీ రాయగలదా అని కాదు. ఆరు వారాలని డాక్టరమ్మ చెప్పింది. ఆ తర్వాత కూడా ఎత్తకపోతే మంచిదని చెప్పింది, అది ఆయన చెవిన పడలేదు.

ఇంటికొచ్చి నేను చెప్పులు విప్పేలోపు ముందుగదిలో నిర్ణయం అయిపోయింది. “పాప ఉందిగా.”

పాప నా కూతురు. పంతొమ్మిదేళ్లు. పాలిటెక్నిక్‌లో యంత్రాల డ్రాయింగు నేర్చుకుంటోంది. కుక్కర్ సంగతి తేల్చడానికి పదకొండేళ్లు చాలని కుటుంబానికి, పాపను మూడో బండ మీద నిలబెట్టడానికి ఒక జత చెప్పులు విప్పినంత సేపు చాలింది. చర్చ లేదు, మార్కుల కాగితం లేదు, ముప్పై రోజుల పరీక్ష లేదు. ఇష్టం లేకపోతే వాపసు ఇవ్వడమూ లేదు. కొంగు లేని పిల్ల, చున్నీ నడుముకు చుట్టి గిన్నె ఎంత బరువో ఎత్తి చూసింది. ఆ చూడటం నేను చూశాను. అందుకే ఈ కాగితం.

నాలుగు. పంపకాలు.

(అ) బావగారికి: రెండు మసిగుడ్డలు. మార్కుల కాగితాలు మొత్తం ముప్పై, వాటిలో ఇరవై ఎనిమిదింటి మీద నేను ఎర్ర సిరాతో దిద్దుబాట్లు చేసినవి. ఇరవై ఆరేళ్లు పరాయివాళ్ల తప్పులు దిద్దాను, ఇంట్లోవి దిద్దడానికి ఇప్పుడు తీరిక దొరికింది. ఒక్క మాట, కోపం లేకుండా: నా మొదటి కరపత్రం అచ్చయినప్పుడు వీధి చివరిదాకా నడిచి నలభై కాపీలు పంచిపెట్టింది ఈయనే. అది నేను మర్చిపోలేదు. అందుకే రెండు మసిగుడ్డలూ ఉతికి ఇస్తున్నాను.

(ఆ) మా ఆయనకు: స్టవ్వు ముందున్న మూడో బండ, దాని మీద నా రెండు పాదాలూ పెట్టిన నునుపుతో సహా. ఈయన బస్సు డిపోలో టైమ్‌కీపర్. బస్సు మూడు నిమిషాలు ఆలస్యమైతే డ్రైవర్‌ను నిలబెట్టి కారణం రాయిస్తారు. ఇంట్లో రోజూ రెండుసార్లు పద్నాలుగు నిమిషాలు మాయమైతే ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. ఒకసారి సంఘం హాల్లో నేను ఆడవాళ్ల చాకిరీ మీద మాట్లాడుతుంటే వేదిక మీదికి ఫోన్ చేసి, “మెతుకు నలిగింది, ఇక వార్చెయ్యనా?” అని అడిగారు. మైకు దగ్గరే ఉంది. మూడు వందల మంది విన్నారు. “వార్చెయ్యండి” అని హాలు హాలంతా అరిచింది. నా జీవితంలో అంత ఏకగ్రీవంగా ఆమోదం పొందిన తీర్మానం మరొకటి లేదు. ఈ వీలునామాకు అమలుకర్తగా ఆయన్నే పెడుతున్నాను. నమ్మకం ఉండి కాదు, టైము ఆయన వృత్తి కనుక.

(ఇ) అత్తగారికి: ప్రెస్సులో పారేస్తుంటే తెచ్చుకున్న కుర్చీ, ఒక చెయ్యి విరిగింది, మెత్త కొత్తదే. నాకంటే ముందు నలభై ఏళ్లు అదే బండ మీద నిలబడింది ఆవిడ. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నా గిన్నె ఒరిగి చెయ్యి కాలితే, తన చెయ్యి పక్కన పెట్టి చూపించారు. అదే చోట, అదే మచ్చ. ఆవిడతో నేను ఇరవై నాలుగేళ్లు పోట్లాడాను. ఒక్క పోట్లాటలోనూ మేమిద్దరం కూర్చుని లేము.

(ఈ) పాపకు: ఏమీ ఇవ్వడం లేదు. గట్టిగా రాస్తున్నాను, మళ్లీ చదువుకోండి. గిన్నె ఇవ్వడం లేదు, గరిటె ఇవ్వడం లేదు, బండ ఇవ్వడం లేదు, “నీ చేతి అన్నం తింటే ఆ తృప్తే వేరు” అన్న మాట అసలు ఇవ్వడం లేదు, అది ఎంతమంది మణికట్లు తిన్నదో నాకు తెలుసు. దానికి దక్కేది పూటకు పద్నాలుగు నిమిషాలు మాత్రమే, సర్వహక్కులతో, దాన విక్రయ వినిమయ అధికారాలు సహా. ఆ నిమిషాల్లో డ్రాయింగు గీసుకుంటుందా, గోళ్లు కొరుక్కుంటుందా అని అడిగే హక్కు నాతో సహా ఎవరికీ లేదు.

అయిదు. అసలు ప్రశ్న: ఆరు బటన్లది కొనదగ్గదా?

పదకొండేళ్లు అడిగారు కదా, జవాబు నా దగ్గరుంది. ఈ ఇంట్లో దాన్ని నిజంగా వాడింది నేనొక్కదాన్నే. ఆరు బటన్లూ వరసగా నొక్కాను. ఆరింటికీ మీరు నీలం గిన్నెను బట్టే మార్కులు వేశారు. షాపులో దాన్ని తిప్పి చూపించే అమ్మాయిని సూటిగా అడిగాను: “నిజంగా తేడా ఉందా?” అటూ ఇటూ చూసి, “మేడం, మా ఇంట్లో ఒక్క బటన్‌దే” అంది. పైగా ఆ అట్టపెట్టె మీద బొమ్మ చూశారా? కుక్కర్ పక్కన ఒకావిడ నవ్వుతూ నిలబడి ఉంది. అన్ని బటన్లున్న యంత్రం కొన్నాక కూడా ఆవిడను కూర్చోనివ్వలేదు కంపెనీవాళ్లు. వాళ్లూ మీవాళ్లే.

కాబట్టి తీర్పు. ఆరు బటన్లది కొనదగ్గది కాదు. ఒక్క బటన్‌ది కొనదగ్గదే. అన్నం బాగుంటుందని కాదు. ఆ ఇరవై ఎనిమిది రోజులూ, అది ఉడుకుతున్నంతసేపూ చెయ్యి విరిగిన కుర్చీలో కూర్చుని నేను అరవై నాలుగు పేజీల పుస్తకం రాశాను. అచ్చులో ఉంది. మార్కుల కాగితంలో దానికి గడి లేదు.

ఆరు. డిమాండ్లు. బతిమాలడాలు కావు.

1. రేపు నేను మత్తులోంచి లేచేసరికి ఒక్క బటన్ కుక్కర్ వంటింట్లో ఉండాలి.

2. బటన్ బావగారు ఒక పూట, మా ఆయన ఒక పూట నొక్కాలి. మర్చిపోతే ఆలస్యానికి కారణం రాసివ్వాలి.

3. అన్నం కోసం పాపను పిలవకూడదు.

4. ‘ఆత్మ’ గడి కొట్టెయ్యాలి.

5. పాత గిన్నెను ఇద్దరు మగవాళ్లు కలిసి ఎత్తి పెరట్లో పెట్టి, మట్టి పోసి, ఏదైనా నాటాలి. ఒకరే ఎత్తకూడదు. మణికట్టు పోతుంది.

6. అత్తగారి మార్కుల్ని తిరిగి లెక్కలోకి తీసుకోవాలి.

తేదీ: ఆపరేషన్‌కు ముందురోజు, మంగళవారం, సాయంత్రం నాలుగు. ఎసరు ఇంకా పెట్టలేదు, పెట్టను కూడా.

సంతకం: ఉపన్యాసం (వంకరగా ఉంది, నాదే)

సాక్షులు:

మొదటి సాక్షి, దస్తావేజులు రాసే ఆయన: చట్టం ఒప్పుకోదు. నేను ఒప్పుకుంటున్నాను.

రెండో సాక్షి, షాపులో కుక్కర్లు చూపించే అమ్మాయి: అయిదో అంశంలో నా మాట నిజం. మా మేనేజరుకు చూపించకండి.

మూడో సాక్షి, అత్తగారు: చదివించుకుని విన్నాను. రెండు గిన్నెల్లోదీ ఒకటే అన్నం. వీలునామాలో ఏదైనా దక్కేవాళ్లు సాక్షి సంతకం పెట్టకూడదట. అయితే కుర్చీ పాపకివ్వండి. సంతకం నేను పెడుతున్నాను.