కిరణం నిలబడింది

అత్తయ్యా, దేవుని దయవల్ల నాను కులాసా. ఫోనులో మీకు సరిగ్గా వినబడదని కార్డు రాస్తన్నాను.

మా ల్యాబులో గాలి తీసేసిన పెద్ద గుండ్రటి గొట్టంలో ఎలక్ట్రాన్ల కిరణం తిరుగుతాది. దాన్నుంచొచ్చే వెలుగుతోనే కొత్త మందుల పరిశోధన చేస్తారు. రోజంతా నిలవాల్సిన కిరణం నెల్లాళ్ళుగా ఉన్నట్టుండి బలం తగ్గిపోతంది. గొట్టానికి చిల్లు పడిందని, మెషీను ఆపి మొత్తం విప్పేయాలని మా పెద్దసారు కులకర్ణి గారు తేల్చేశారు. అలా విప్పితే ఈ యేడాది పరిశోధనలన్నీ ఆగిపోయినట్టే.

నాను గ్రాఫులు చూస్తే, తగ్గిన ప్రతిసారీ కిరణం దానంతటదే కుదురుకుంటంది. "చిల్లయితే కుదురుకోదు సార్, లోపల ఏదో ధూళి రాలి కిరణానికి అడ్డం పడతంది" అన్నాను. "ఎక్కడో చూపించమ్మా" అన్నారు. కిరణం దేనికైనా తగిలి చెదిరినచోట మోగుతాయని గొట్టం పొడుగునా రేడియేషన్ మీటర్లు పెట్టించాను. ప్రతిసారీ గాలి లాగేసే ఒక్క పంపు దగ్గరే మోగాయి! ఆ ముక్క మాత్రం విప్పితే, లోపల వెంట్రుకంత లోహపు పొట్టు. శుభ్రం చేసి, బిగించి, నిన్న కిరణం నింపాం. సాయంత్రందాకా చెక్కుచెదరలేదు. కంట్రోల్ రూమంతా చప్పట్లే. కులకర్ణి గారు లేచొచ్చి, "నువ్వే గెలిచావు" అన్నారు. కళ్ళంట నీళ్ళొచ్చేశాయత్తయ్యా.

పాప స్టెఫీకి దగ్గు తగ్గిందా? సీతమ్మధార డాక్టరిచ్చిన మందు మధ్యలో ఆపకండి. మీ అబ్బాయి టిఫిను తినకుండానే పోర్టు డ్యూటీకి పోతన్నారేటి? కాస్త గట్టిగా చెప్పండి. ఇటెవరైనా వస్తే నెత్తళ్ళ ఎండుచేపలు పంపండి.

మావయ్యకి వందనాలు. పాపకి ముద్దులు. వాళ్ళమ్మ ఆ వెలుగుని ఆరిపోనివ్వలేదని దానికి చెప్పండి.

మీ కోడలు,
మిరియం