మెట్ల మీద స్టీలు డబ్బాలు

నాంపల్లి,
జూన్ 14

ప్రియమైన డోరాకు,

నీ చెవులు పూర్తిగా వినపడడం మానేశాక ఒక మేలు మాత్రం జరిగింది. ట్రైనింగు కాలేజీ రోజుల తర్వాత మనం మళ్ళీ ఉత్తరాలు రాసుకుంటున్నాం. ఫోనులో నువ్వు పంపే ఒక్క ముక్క జవాబుల కన్నా ఇవే నయం.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. ఆదివారం అబిడ్స్‌లో ఫుట్‌పాత్ పుస్తకాలు చూద్దామని వెళ్తే అన్నిటి మీదా ప్లాస్టిక్ పట్టాలు కప్పేశారు. ఏమీ కొనకుండా తిరిగొచ్చాను. బడి లేని రోజులకు ఇంకా అలవాటు పడలేదు.

ఈ వారం ఒక చిన్న సంగతి జరిగింది. మా సందు చివర నుంచి పెద్ద దవాఖానకు నడిచి పోవచ్చని నీకు తెలుసు కదా, క్యాన్సర్ రోగులంతా వచ్చేది. సోమవారం పొద్దున తలుపు తీసేసరికి మెట్ల మీద ఒకాయన స్టీలు డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. పేరు అంజయ్య, నారాయణఖేడ్ వైపు ఊరు.

"అమ్మా, జర గీ జావ ఎచ్చ జేసిస్తరా? మా ఇంటామెకు గొంతుల కరెంటు వెడుతున్నరు. సల్లది మింగుడు వడ్తలేదు. హోటలోల్లను అడిగితే గిరాకి టైమ్ల కాదన్నరు" అన్నాడు.

కరెంటు అంటే రేడియేషన్, ఇక్కడ అందరూ అలాగే అంటారు. వెచ్చబెట్టి ఇచ్చాను. అంతకన్నా ఏమీ చేయలేదు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడు అతని వెనక ఇంకో ఆవిడ ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. ఇప్పుడు పొద్దున పూట నా స్టవ్ ఖాళీగా ఉండడం లేదు.

కింద ఉండే ఇంటి యజమాని ప్రహ్లాద్ నిన్న మెట్ల దగ్గర ఆపాడు. "ఏంది టీచరమ్మా, గిది ఇల్లా, దవాఖాన వంటగదా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ నవ్వు కళ్ళదాకా రాలేదు.

నీ ఆరోగ్యం ఎలా ఉంది? పోయిన ఉత్తరంలో ఎడమ చెయ్యి నొప్పి అని రాశావు. తగ్గిందా?

నీ
అనసూయ


మెదక్,
జూన్ 23

ప్రియమైన అనసూయకు,

ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. చెయ్యి నొప్పి వయసుది. దాని గురించి అడగకు.

నీ స్టవ్ సంగతి చదివాను. నేను లెక్కల టీచర్ని కనుక లెక్కగానే చెబుతాను. ఆ దవాఖానకు రోజూ వచ్చే జనం ఎంత? నీ స్టవ్‌కు బర్నర్లు రెండు. నువ్వు పొద్దున్నుంచి సాయంత్రం దాకా జావ వెచ్చబెట్టినా ఆ జనంలో ఎవరికీ జబ్బు తగ్గదు. ఆ ఊరిలో హోటలు వాళ్ళ మనసూ మారదు. నీ గ్యాసు అయిపోతుంది, ఇంటాయనతో మాట పడతావు. చివరికి మిగిలేది అదే.

నేను దయ వద్దనడం లేదు. ఇన్నేళ్ళు బడిలో ఉన్నాను. పలకలు లేనివాళ్ళకు పలకలు కొనిచ్చాను, జ్వరం వచ్చిన పిల్లల్ని ఇంటిదాకా దిగబెట్టాను. అలా ఉండాలి కనుక ఉన్నాను. దానివల్ల మెదక్ మారిందా అంటే లేదు. మనిషి మంచిగా ఉండడం వేరు, లోకం బాగుపడడం వేరు. ఈ రెండింటినీ నువ్వు కలిపేస్తావు, ఇరవై ఏళ్ళప్పుడూ కలిపేసేదానివి.

ఇల్లు పోగొట్టుకోకు. నాంపల్లిలో నీకు మళ్ళీ ఆ కిరాయికి ఇల్లు దొరకదు.

మా తమ్ముడి భార్య కేథరిన్ నిన్ను అడిగానని రాయమంది.

నీ
డోరా


నాంపల్లి,
జులై 9

ప్రియమైన డోరాకు,

నువ్వన్నట్టే అయింది. ప్రహ్లాద్ మొన్న పైకి వచ్చి కుర్చీలో కూర్చోకుండా, నిలబడే మాట్లాడాడు.

"మెట్ల మీద పొద్దంత ఎవరో ఒకరు ఎక్కుతనే ఉంటున్నరు. ఎవరు ఎక్కడోల్లో నాకు తెల్వదు. రేపు ఎవరన్న జారి పడితే నన్ను అడుగుతరు. బంద్ చెయ్యండి, లేకుంటే ఈ నెల ఆఖరుకు ఇల్లు చూసుకోండి. కోపం చెయ్యకుండ్రి."

అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. వానకు మెట్లు జారుతున్నాయి. వచ్చేవాళ్ళలో సగం మంది రాత్రి నిద్ర లేని మనుషులు. సాయంత్రమంతా కిటికీ దగ్గర కూర్చుని నీ ఉత్తరం మళ్ళీ చదివాను. నీ లెక్కలో తప్పు కనపడలేదు. మర్నాడు మానేద్దామనే అనుకున్నాను.

పొద్దున అంజయ్య వచ్చాడు. మానేస్తున్నానని చెప్పడానికి నోరు తెరిచాను. నేను మాట్లాడకముందే అతను, "నిన్న మొత్తం తాగిందమ్మా, ఒక్క చుక్క ఇడవలే" అని డబ్బా బోర్లించి చూపించాడు. డబ్బా తీసుకున్నాను.

ఎదురు వాటాలో నవత అని ఒక అమ్మాయి ఉంటుంది. అబిడ్స్‌లో చీరల షోరూములో పని. ఇన్నాళ్ళూ మా మధ్య మాటలు తక్కువ. ఆ పొద్దున తలుపు దగ్గర నిలబడి అంతా చూసి, "ఆంటీ, నేను ఎట్లా జల్ది లేస్త గదా, ఏడింటి దాక వచ్చే డబ్బాలు నా తాన వెట్టుండ్రి. ఇద్దరం ఉంటే సార్ ఇద్దర్ని ఖాళీ చేయించడు" అంది. ఆ లెక్క ఎంతవరకు నిజమో తెలియదు కానీ, ఆ మాటకు నాకు కాస్త ధైర్యం వచ్చింది.

ఒక సంగతి అడుగుతాను. మొన్న కేథరిన్‌కు ఫోను చేశాను. డోరా ఇంట్లో లేదు, పని మీద వెళ్ళింది అంది. ఏం పని అంటే మాట మార్చింది. రిటైరైన లెక్కల టీచరుకు ఊరు దాటి ఏం పని?

జవాబు తొందరగా రాయి.

నీ
అనసూయ


జులై 24

ప్రియమైన అనసూయకు,

ఆలస్యమైంది. పనులున్నాయి.

నీకు చెప్పాల్సింది పోయిన ఉత్తరంలోనే చెప్పాను. ఇకమీదట దవాఖాన సంగతులు నాకు రాయకు. చదవడానికి ఓపిక లేదు. వానల గురించి రాయి, నీ వంట గురించి రాయి.

కేథరిన్‌ను ప్రశ్నలు వేయకు. ఆమెకు అబద్ధం చెప్పడం చేతకాదు.

నీ
డోరా


నాంపల్లి,
ఆగస్టు 6

ప్రియమైన డోరాకు,

నీ ఉత్తరం పైన ఊరి పేరు లేదు. ఎప్పుడూ రాసేదానివి. ఆఖరి వాక్యం ఏమిటో కూడా నాకు అర్థం కాలేదు. ఎవరు ఏ అబద్ధం చెప్పాలి?

దవాఖాన సంగతులు వద్దన్నావు. నా దగ్గర వేరే సంగతులు లేవు. కోపం వస్తే చదవడం ఇక్కడ ఆపెయ్.

జులై ఆఖరు వచ్చింది. ప్రహ్లాద్ మమ్మల్ని ఖాళీ చేయమనలేదు. వచ్చేవాళ్ళను తానే ఆపుదామని ఒకరోజు పొద్దున్నే గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను పైనుంచి చూస్తూనే ఉన్నాను. మొదటి మనిషిని ఆపాడు, ఎందుకొచ్చావని అడిగాడు. అతను చెప్పాడు. రెండో మనిషిని ఆపాడు. ఆవిడా చెప్పింది. ఆవిడ చెప్పేది ముగిసేదాకా లేచి వెళ్ళే వీలు లేకపోయింది అతనికి. పొద్దు పైకొచ్చేసరికి ఎవరికి ఏ జబ్బో, ఎవరి ఊరు ఏదో, ఎవరి పొలంలో ఎవరు నాట్లు వేస్తున్నారో అతనికి తెలిసిపోయింది.

మధ్యాహ్నం పైకి వచ్చాడు. "మెట్లు ఎక్కనియ్య. గంతే. కింద గేటు కాడ నా దుకాణం పాత బల్ల వేస్త, కరెంటు పొయ్యి పెట్టుకోండి. గిది మీ కోసం గాదు, నా మెట్ల కోసం" అన్నాడు.

ఇప్పుడు గేటు దగ్గర బల్ల ఉంది. పొద్దున నవత, తర్వాత నేను. నేను అబిడ్స్‌కు వెళ్ళిన రోజు ప్రహ్లాద్ భార్య వచ్చి నిలబడుతుంది. అతను పక్కనే పేపరు చదువుతూ, పాలు పొంగితే మాత్రం కేకేస్తాడు.

అంజయ్య భార్యకు వైద్యం అయిపోయింది. వెళ్ళే రోజు ఇద్దరూ వచ్చారు. ఆవిడను అదే మొదటిసారి చూడడం. గొంతు ఇంకా రాలేదు, దండం పెట్టింది. నేనూ పెట్టాను.

నీమీద నాకు కొంచెం కోపంగానే ఉంది. అయినా చెయ్యి ఎలా ఉందో రాయి.

నీ
అనసూయ


అబిడ్స్,
ఆగస్టు 13

ప్రియమైన అనసూయకు,

ఊరి పేరు సరిగానే చదివావు. జులై మొదటి నుంచి ఇక్కడే ఉన్నాను, చర్చి వాళ్ళ గదిలో. నీ ఉత్తరాలు కేథరిన్ మెదక్ నుంచి తెచ్చేది. నావి ఆమె తీసుకెళ్ళి అక్కడ పోస్టు చేసేది.

రొమ్ములో గడ్డ. వేసవిలో ఆపరేషన్ అయింది. ఇప్పుడు కరెంటు పెడుతున్నారు, నీ సందు పక్క దవాఖానలోనే. నీకు ఎందుకు చెప్పలేదని అడుగుతావు. నీకు ఆ లెక్కల ఉత్తరం రాసినప్పటికే నా పేరు అక్కడ రాయించి ఉంది. అలా రాసి, వారం తిరక్కుండా డబ్బా పట్టుకుని నీ మెట్లెక్కడం నావల్ల కాలేదు. నీ దయ తీసుకునేవాళ్ళలో ఒకదాన్ని అయితే, మన స్నేహంలో నేను నిలబడే చోటు మారిపోతుందనిపించింది. తప్పో ఒప్పో, అలా అనుకున్నాను.

అక్కడ నొప్పి పెద్ద కష్టం కాదు. హాలులో పేరు పిలుస్తారు. అందరూ కూర్చుని వింటారు. నాకు వినపడదు కనుక పిలిచే అమ్మాయి పెదవుల వైపే చూస్తూ కూర్చోవాలి. తల తిప్పితే పోయినట్టే. ఒకరోజు కళ్ళద్దాలు తుడుచుకున్నాను. ఆ కాసేపట్లో నా పేరు వెళ్ళిపోయింది. నాకది తెలియదు. హాలు ఖాళీ అయ్యేదాకా కూర్చున్నాను. వాళ్ళు పిలిచారు, నాకు వినపడలేదు, తప్పు ఎవరిదీ కాదు. కానీ గదికి వచ్చి సంచీ సర్దుకున్నాను. ఇంత వయసులో ఇంకొన్నేళ్ళ కోసం రోజూ ఇలా ఒక మూతి వైపు చూస్తూ కూర్చోవడం అక్కర్లేదనిపించింది. మర్నాడు కాగితాలు తీసుకుని మెదక్ వెళ్ళిపోదామని దవాఖానకు వెళ్ళాను. నీకు ఆ పొట్టి ఉత్తరం రాసింది ఆ పొద్దుటే.

హాలులో నిలబడి ఉంటే ఒక మనిషి నా భుజం తట్టాడు. తలుపు వైపు చూపించి, వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు. నన్నే పిలుస్తున్నారు. రోజూ అదే హాలులో కూర్చునేవాడు కనుక నా పేరు అతనికి తెలుసట, ముందురోజు పిలిచినా నేను లేవకపోవడం గమనించాడట. నేను వెళ్ళాను, ఎందుకో కాదనలేకపోయాను. బయటికొచ్చి కాగితం ఇచ్చి పేరు రాయమన్నాను. కూడబలుక్కుంటూ రాశాడు. అంజయ్య, నారాయణఖేడ్.

నీ ఉత్తరం నా సంచీలోనే ఉంది, అనసూయా.

తర్వాత రోజూ అతను నా వెనక వరుసలో కూర్చునేవాడు. నా పేరు రాగానే భుజం మీద చెయ్యి పడేది. నేను ఆ అమ్మాయి పెదవులు చూడడం మానేశాను. ఎన్నాళ్ళ తర్వాతో మెడ నొప్పి లేకుండా కూర్చున్నాను. ఒకరోజు పక్కన కూర్చున్న చదువుకున్న పిల్ల చేత అతన్ని అడిగించాను, ఇన్నాళ్ళు ఎలా ఉండగలిగారని. ఆ పిల్ల అతని మాటలు అతను చెప్పినట్టే రాసిచ్చింది. "మేం గూడ వోదామనే అనుకున్నం. ఆమె ఏం మింగకపోయె. మూట గూడ కట్టినం. గా టీచరమ్మ జావ ఎచ్చ జేసిచ్చినంక జర దిగింది. గందుకే ఉన్నం."

ఆ కాగితం మడిచి నీ ఉత్తరంతో పాటు సంచీలో పెట్టుకున్నాను. జూన్‌లో నువ్వు స్టవ్ వెలిగించకపోతే వాళ్ళు ఊరికి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళు వెళ్ళిపోతే నేను వెళ్ళిపోయేదాన్ని. నేను బర్నర్లు లెక్కపెట్టాను, ఇది లెక్కలోకి తీసుకోలేదు.

ఇంకొకటి ఉంది. అంజయ్య ఊరికి వెళ్ళిపోయిన మర్నాడు నాకు భయం పట్టుకుంది. మళ్ళీ ఆ పెదవుల వైపే చూస్తూ కూర్చున్నాను. పిలుపు వచ్చేసరికి భుజం మీద చెయ్యి పడింది. తిరిగి చూస్తే నేనెన్నడూ చూడని ముసలాయన. అంజయ్య వెళ్తూ పక్కావిడకు చెప్పాడట, ఆవిడ ఇంకొకరికి చెప్పిందట. ఇప్పుడు ఎవరు తడతారో నాకే తెలియదు. ఎవరో ఒకరు తడుతూనే ఉన్నారు.

నేనూ ఖాళీగా కూర్చోవడం లేదు. నాకు పేర్లు వినపడవు కానీ మొహాలు కనపడతాయి. కళ్ళు తిరగబోయే మనిషిని కాస్త ముందే గుర్తుపడుతున్నాను. లేచి కుర్చీ ఇస్తాను.

డాక్టరమ్మ ఫరవాలేదంది. ఇంకో వారంలో అయిపోతుంది. దాచినందుకు నువ్వు ఏమన్నా పడతాను.

నీ
డోరా


నాంపల్లి,
ఆగస్టు 16

ప్రియమైన డోరాకు,

ఈ ఉత్తరం నవత షోరూముకు పోతూ నీ చేతికిస్తుంది. పోస్టు దాకా ఆగలేను.

నీ ఉత్తరం గేటు దగ్గరే చదివాను. పొయ్యి మీద పాలు పొంగాయి, ప్రహ్లాద్ కేకేశాడు, అయినా కదల్లేదు. అతను పేపరు మడిచి వచ్చి తానే దింపాడు. తర్వాత నాకు కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు. నేను అబిడ్స్‌కు కూరగాయలకూ, మందులకూ ఎన్నిసార్లు వచ్చాను! నువ్వు ఆ గది కిటికీలోంచి నన్ను చూసి కూడా ఉంటావు.

నా స్టవ్ వల్ల ఏం జరిగిందో ఏం జరగలేదో నాకు తెలియదు. నువ్వు రాసింది గొప్పగా ఉంది, కానీ నేను జావ వెచ్చబెట్టాను, అంతే. నువ్వు వెళ్ళిపోకుండా ఉన్నావు. ఇప్పటికి నాకు అది చాలు.

రేపు పొద్దున దవాఖానకు వస్తున్నాను. నీ భుజం తట్టడానికి కాదు, ఆ పనికి నీకు మనుషులున్నారు. తిట్టడానికి. నోటితో తిడితే నీకు వినపడదు కనుక నవత చేత ఒక పలక తెప్పించాను. పెద్దది. చాలా పడుతుంది.

నీ పక్క కుర్చీ నాకు ఆపి ఉంచు. ఎవరికైనా కళ్ళు తిరిగితే మాత్రం ఇచ్చెయ్. నేను నిలబడే తిడతాను.

నీ
అనసూయ