దిష్టి కాదు, క్లచ్ ప్లేటు

బావా,

లేచాక వాన్ స్టార్ట్ చెయ్యకు. గంజి పొయ్యి పక్కన ఉంది, తాగి ఇది చదువు. అత్తను శ్రీముఖలింగం గుడికి బస్సులో తీసుకెళ్తున్నాను. "మావోడు మంచం, పొయ్యి ఉన్న బండిలో తీసికెల్తానన్నాడు గదే?" అని రెండుసార్లు అడిగింది.

నిన్న వంతెన ఎక్కేటప్పుడు ఇంజిన్ అరిచింది, బండి కదల్లేదు. నువ్వు దిష్టి అని గుమ్మడికాయ కొట్టావు. పొద్దున్నే నువ్వు గురక పెడుతుంటే నేను బండి స్టార్ట్ చేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, మూడో గేరులో మెల్లగా క్లచ్ వదిలాను. క్లచ్ బాగుంటే ఇంజిన్ ఆగిపోవాలి. హాయిగా తిరుగుతూనే ఉంది, పైగా కాలిన వాసన. క్లచ్ జారుతోంది. ఇంజిన్ మార్పించిన రోజే చెప్పాను, ఇంత పెద్ద ఇంజిన్‌కి పాత ప్లేటు ఆగదని. "నీకేటి తెలుసు?" అన్నావు. లారీ మెకానిక్ కూతుర్ని అడగాల్సిన మాటే! నిన్న మా తమ్ముళ్ల ముందైతే, "దీని కాలెప్పుడూ క్లచ్ మీదే ఉంటాది, అందుకే పోనాది" అన్నావు.

సాయంత్రం మా నాన్న పానాలు పట్టుకుని వస్తాడు. ఆ మాట ఆయన ముందు కూడా అను. నేను వచ్చేదాకా ఆగి మరీ అను.

సుహాసిని

వాన్‌లో పరుపు మాత్రం బాగా కుట్టావు. తిరిగొచ్చాక దాని మీదే పడుకోమని అత్తకు చెప్పాను. నిద్రపోవడానికి బండి కదలక్కర్లేదు కదా.