చేపలు ఆరబెట్టే జాగా కోసం

సబ్బవరం కాలనీ నుంచి

తమ్ముడు అప్పన్నకు అక్క నూకాలమ్మ దీవెనలు. నువ్వు, మరదలు, పిల్లలు బాగున్నారని తలుస్తాను. చిన్నమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, బెంగపడకు. నేను చెబుతుంటే జంక్షన్లో కంప్యూటర్ కొట్టు గౌరి ఈ ఉత్తరం కొడుతోంది.

ఒడ్డున ఇళ్లు తీసేసి ఇక్కడ ఇచ్చారు గానీ నిద్ర పట్టదురా. అల చప్పుడు లేదు, లారీల మోతే. ఇల్లు ఇల్లే, కాదనను. చేపలు ఆరబెట్టే జాగా ఏది? మేడ మీద పోస్తే పక్కింటివాళ్లు కంపు కొడుతోందని గొడవ. జాగా లేకపోతే నా ఎండు చేపల బేరం పోయినట్టే. ఊరికే కూర్చుని తినడం నాకు చేతకాదు.

కాలనీ ఆడవాళ్లమంతా గౌరి దగ్గరే జాగా కోసం అర్జీలు కొట్టించి ఆఫీసరుకి పెట్టాం. అందరికీ ఒకటే జవాబు, మీకు ఇళ్లిచ్చేశాం అని. కొట్టుకెళ్లి నా అర్జీ చదవమన్నాను. నిరుపేదరాలినట, ఇంటి స్థలం ఇప్పించమన్నానట.

"నానెప్పుడడిగానే ఇల్లు?"

"టెంప్లేట్ మామ్మా. అర్జీలకి అచ్చులాంటిది. కొత్తది తెరిస్తే ఆ మాటలే వచ్చేత్తాయి. పేర్లు మార్చాను గానీ కోరిక మార్చడం మర్చిపోనాను."

తిట్టాను. నా కాగితం దిద్దింది. వెనకాలే మా కాలనీ ఎర్రమ్మ అర్జీ తీస్తే మళ్లీ ఇంటి స్థలమే.

"నా ఒక్కదాని కాయితం దిద్దితే ఏటి లాభం? ఆ అచ్చునే మార్చు."

మార్చింది. నిరుపేదరాలినన్న మాటా తీయించాను. చూస్తే కోరిక చీమలంత అక్షరాల్లో ఉంది. చదువు రాకపోతే చిన్నాపెద్దా కనబడవా? పెద్దది చేయమన్నాను.

"దానికి స్టయిలుంటది మామ్మా. కోరిక అని పేరెట్టిన లైన్లన్నీ దాని మాటే వింటాయి. అచ్చులో ఆ స్టయిలు ఒక్కపాలి మార్చేత్తే ఇకమీద తీసిన ప్రతి అర్జీలో లావుగా వత్తాది."

"మరి పాతయో?"

"అయి వాటంతటవి మారవు. మళ్లీ తియ్యాల."

"తియ్యి మరి" అని గుమ్మంలో కూర్చున్నాను. అందరివీ తీసేదాకా లేవలేదు. అవి పట్టుకెళ్లి మళ్లీ పెట్టాం.

ఇప్పుడు ఆఫీసరుకి అర్థమైంది. సోమవారం పొద్దున్న వచ్చి చూస్తాడట, ఏం ఆరబెడతామో, ఎంత జాగా కావాలో. చూపడానికి నా దగ్గర ఒక్క చేప లేదు. అప్పటిదాకా కాలు నిలవదు నాకు.

చిన్నమ్మకు నా దండాలు చెప్పు, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకో. సోమవారం మొదటి బస్సుకి మీ రేవు నుంచి రెండు గంపల నెత్తళ్ల చేపలు వేసుకుని నువ్వే రా. ఐసు వేయకు, వాసన రావాలి. కాలనీ రోడ్డు నిండా పోస్తాను. కారు ఎక్కడ ఆపుకుంటాడో ఆ ఆఫీసరే చూసుకుంటాడు.

నీ అక్క
నూకాలమ్మ, వేలిముద్ర